కూచిపూడి మేళం హైదరాబాదులో అతిథి ఎప్పుడైంది?

రవీంద్రభారతిలో హాలు తెర లేచిన తరువాత వేదిక మీద ఇంకో తెర కనిపించిందంటే, ఆ సాయంత్రం కృష్ణా జిల్లా కూచిపూడి నుంచి మేళం, అంటే భాగవతుల ఆట బృందం, వచ్చిందని అర్థం. ఈ రెండో తెరకు తాళ్లూ మోటారూ ఉండవు. ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టుకుని నిలబడతారు. వెనకాల సత్యభామ ఉంటుంది. ఆమె ముఖం కంటే ముందు జడ కనిపిస్తుంది. సూర్యచంద్రులు, నాగుపడగ, కింద కుచ్చులు వేలాడే ఆ బరువైన జడను తెర మీదుగా ప్రేక్షకుల వైపు వేస్తుంది. అది సింగారం చూపించుకోవడం కాదు, పందెం. ఈ పాత్రలో నన్ను మించినవారుంటే రండి, ఓడితే జడ కోసి ఇస్తానని వేషధారి సభకు విసిరే సవాలు.

ఇలాంటి ప్రదర్శనల ఆహ్వానపత్రాల మీద 'అతిథి బృందం' అనే మాట ఈమధ్య తరచుగా కనిపిస్తోంది. మాటలో తప్పేమీ లేదు. కూచిపూడి ఒక రాష్ట్రంలో ఉంది, హైదరాబాదు ఇంకో రాష్ట్రంలో ఉంది. మధ్యన మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా ఆ మాట చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఈ నగరానికీ ఆ ఊరికీ ఉన్న సంబంధం రవీంద్రభారతి కంటే చాలా పాతది.

గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా, మనం తానీషా అని పిలుచుకునే ఆయన, 1672 నుంచి 1687 వరకు ఏలాడు. అక్కన్న మాదన్నలు ఆయన కొలువులోని వారే. మచిలీపట్నం ఆ రాజ్యానికి పెద్ద రేవు. సుల్తాను ఆ వైపు వెళ్లినప్పుడు భాగవతుల ఆట చూసి ముచ్చటపడి, కూచిపూడి గ్రామాన్ని ఆ బ్రాహ్మణ కుటుంబాలకు అగ్రహారంగా రాసి ఇచ్చాడని చెబుతారు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి వంటి ఇంటిపేర్ల వారు తరతరాలుగా తమ పిల్లలకు చెప్పే కథ ఇది. హైదరాబాదును కట్టిన వంశం ఇచ్చిన నేల మీద ఆ ఆట నిలబడిందని ఆ ఊరే చెప్పుకుంటుంటే, వారిని ఇక్కడ కొత్తవారిగా చూడటం నాకు చేతకాదు.

ఇంకా వెనక్కి వెళితే మాచుపల్లి కైఫీయతు, అంటే ఆ ఊరి పాత చరిత్ర రాత, ఉంది. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు అనే పాలకుడు ప్రజలను చిత్రహింసలు పెడుతుంటే, కూచిపూడి భాగవతులు విజయనగర ప్రభువు ముందు ఆట కట్టి, ఆ ఘోరాలను కళ్లకు కట్టినట్టు చూపించారని అందులో ఉంది. ఆ కథలో నాకు ముఖ్యంగా తోచేది ఒకటే. మేళం అప్పటికే ఊరూరా తిరిగేది. పరాయి కొలువులో ఆడటం, పరాయి ఊళ్లో వండిపెట్టింది తినడం వారి వృత్తిలోనే ఉంది. అతిథిగా వెళ్లడం వారికి కొత్త కాదు. మారింది ఆతిథ్యం ఇచ్చేవారి తీరు.

పదిహేడో శతాబ్దంలో సిద్ధేంద్రయోగి సత్యభామ అలుకను చెప్పే భామాకలాపం అనే ఆట కూర్చి, ఆ ఊరి మగపిల్లవాడు ప్రతి ఒక్కడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని సంప్రదాయం. ఆడవేషం కట్టేదీ మగవారే. ఊరికి మేళం వచ్చిందంటే గుడి ముందో, చావిడి దగ్గరో పందిరి వేసేవారు. రాత్రి భోజనాలయ్యాక బాలాత్రిపురసుందరిని తలచుకుని 'అంబా పరాకు' అని మొదలుపెట్టేవారు. వెలుగుకు ఆముదపు దివిటీలే ఆధారం. ముఖ్యమైన పాత్ర తెర వెనక నుంచి వచ్చే క్షణంలో దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గుమని లేచిన మంటలో వేషం ఒక్కసారిగా వెలిగిపోయేది. ముఖానికి పూసిన అర్దళం పసుపు ఆ వెలుగులోనే పలికే రంగు. విద్యుద్దీపాల కింద అది వెలవెలబోతుంది. ఈ సంగతి తెలిసినవారు దీపాల వాడిని ముందే పిలిచి బతిమాలుకోవడం నేను చూశాను.

ఆట తెల్లవారుజాము దాకా సాగేది. సత్యభామ తెర దాటి బయటికి వచ్చి 'భామనే సత్యభామనే' అని తనను తాను చెప్పుకునే పాట, ప్రవేశదరువు, ఒక్కటే గంట దాటినా ఎవరూ లేచేవారు కాదు. దరువుకూ దరువుకూ మధ్య సూత్రధారుడే మాధవుడై, మాధవి అయి, భామను ఆటపట్టిస్తూ ప్రశ్నలు వేస్తాడు. ఆ ఊరి కరణం గురించో, ఆ ఏడాది వానల గురించో ఒక చమత్కారం అక్కడికక్కడ పుడుతుంది. పద్యం బాగుందని ఎవరైనా అంటే ఇంకోసారి పాడతారు. మేళానికి ఊరు ఇచ్చిన అసలు సంభావన రాత్రి. పంచెలు, రూపాయలు ఆ తరువాతి మాట.

ఆ రాత్రి చిన్నదవడం మద్రాసులో మొదలైంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి కూచిపూడిని ఏకపాత్ర నృత్యంగా విడదీసి, ఆడవారికీ నేర్పారు. ఒక్కరు ఆడే ఆటకు తెల్లవారుజాము దాకా పనిలేదు. మరోవైపు సినిమా పిలిచింది. వేదాంతం రాఘవయ్య, వెంపటి పెదసత్యం, పసుమర్తి కృష్ణమూర్తి వంటి మెరికలు మద్రాసు స్టూడియోలకు వెళ్లారు. తెలుగు తెర మీద మనం మెచ్చుకున్న ఎన్నో నృత్యాల వెనుక ఆ ఊరి చేతులున్నాయి. ఊళ్లో మేళాన్ని నిలబెట్టే భారం చింతా వేంకటరామయ్య పేరు మీద ఉన్న వేంకటరామ నాట్యమండలి మీద, ఆ తరువాత దాన్ని నడిపిన చింతా కృష్ణమూర్తి మీద పడింది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కొత్త రాష్ట్రానికి తనదని చెప్పుకునే ఒక కళ కావలసి వచ్చింది. 1957లో సంగీత నాటక అకాడమీ పెట్టారు. మరుసటి ఏడాది ఢిల్లీలో కేంద్ర అకాడమీ జరిపిన నృత్య సదస్సులో విస్సా అప్పారావు కూచిపూడి మీద పత్రం సమర్పించారు. కూచిపూడి విడిగా నిలబడే శాస్త్రీయ నృత్యమా, భరతనాట్యంలో ఒక పాయా అన్న సందేహం అక్కడ గట్టిగానే వినిపించింది. దానికి జవాబుగా 1959లో హైదరాబాదులో కూచిపూడి మీదే ప్రత్యేకంగా సదస్సు జరిగింది. ఏలూరు న్యాయవాది, రంగస్థల నటుడు బందా కనకలింగేశ్వరరావు ఈ పోరులో ముందు నిలిచారు. ఊళ్లో సిద్ధేంద్ర కళాక్షేత్రం అనే నాట్య బడి నిలదొక్కుకోవడం వెనుక ఆయన పట్టుదల చాలా ఉంది. రాజధాని కూచిపూడిని అతిథిగా పిలవడం ఇక్కడ మొదలైందని నేను అనుకుంటాను. ఆ పిలుపులో గౌరవం ఉంది, అవసరమూ ఉంది.

రెండేళ్లకే హాలు సిద్ధమైంది. రవీంద్రనాథ ఠాగూరు శతజయంతికి సైఫాబాదులో కట్టిన రవీంద్రభారతిని 1961 మే 11న సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఆ ఏడాదే ఆడవేషాలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మకు కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆయన సత్యభామగా, ఉషగా వచ్చినప్పుడు వేదిక మీద ఉన్నది మగవాడని నమ్మలేక చివరలో వేషం తీసేదాకా ఎదురుచూశామని చెప్పే పెద్దవారు ఈ నగరంలో ఇప్పటికీ దొరుకుతారు.

అదే కాలంలో మద్రాసు నుంచి మరో రకం అతిథి వచ్చేవాడు. 1963లో వెంపటి చినసత్యం అక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. శ్రీకృష్ణ పారిజాతం, క్షీరసాగర మథనం, రుక్మిణీ కల్యాణం, హరవిలాసం, చండాలిక వంటి నృత్యనాటకాలు ఆ అకాడమీ నుంచి వచ్చాయి. భుజంగరాయశర్మ రచన, పట్రాయని సంగీతరావు సంగీతం, చినసత్యం నృత్య కల్పన కలిసి రెండు గంటల్లో ముగిసే నిండైన నాటకాన్ని తయారుచేశాయి. పత్రికలు వాటిని 'కూచిపూడి బ్యాలేలు' అన్నాయి. హైదరాబాదు ఆ మాటను, ఆ రెండు గంటల కొలతను గుండెకు హత్తుకుంది. రవీంద్రుడి పేర కట్టిన హాలులో రవీంద్రుడి చండాలిక కూచిపూడి అడుగుల్లో ఆడటం అందమైన విషయం. అది నేను మనసారా ఒప్పుకుంటాను. కానీ ఆ కొలతే తరువాత అందరికీ చట్టమైంది. రాత్రంతా ఆడే మేళాన్ని కూడా 'రెండు గంటల్లో కుదించండి' అనడం సహజమైపోయింది. బ్యాలే రెండు గంటల కోసమే పుట్టింది. కలాపం పుట్టింది రాత్రి కోసం.

చినసత్యం శిష్యురాలు శోభానాయుడు హైదరాబాదులో స్థిరపడి, ఇక్కడి కూచిపూడి ఆర్ట్ అకాడమీ నడిపి, 2001లో పద్మశ్రీ అందుకుని, 2020లో కన్నుమూసేదాకా ఈ నగరానికి సొంత కూచిపూడిని ఇచ్చారు. పేట పేటకూ నృత్య పాఠశాలలు వచ్చాయి. నేర్చుకునేవారిలో ఎక్కువమంది ఆడపిల్లలే. నగరానికి తన సత్యభామలు తనకే ఉన్నప్పుడు ఊరి నుంచి మేళాన్ని పిలిచే అవసరం తగ్గింది.

పిలిచే చేతులు కూడా మారాయి. 1983లో రాష్ట్ర అకాడమీలు రద్దయ్యాయి. 1985 డిసెంబరులో హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం పుట్టింది. కూచిపూడిలోని సిద్ధేంద్రయోగి కళాపీఠం దాని కిందికి చేరింది. అంటే ఆ ఊరి బడికి నగరంలోనే పెద్ద ఆఫీసు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యేసరికి బడి ఒకవైపు, ఆఫీసు మరోవైపు మిగిలాయి. తెలంగాణ తన వేడుకల్లో నటరాజ రామకృష్ణ పునరుద్ధరించిన పేరిణి నృత్యానికి పెద్దపీట వేసింది. అది న్యాయమే. కాకతీయుల నేల మీద పేరిణికి దక్కవలసిన చోటు చాలా ఆలస్యంగా దక్కింది. కూచిపూడి మేళం మాత్రం ఆహ్వానపత్రంలో 'అతిథి'గా నిలిచింది.

నిరుడు నగరంలోని ఒక హాలులో భామాకలాపం చూశాను. ఆరున్నరకు అనుకున్నది జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు పూర్తయ్యేసరికి ఏడుంపావు దాటింది. తొమ్మిదికల్లా హాలు ఖాళీ చేయాలి. సూత్రధారుడు తాళం వాయిస్తూనే మాటిమాటికీ పక్కకు చూస్తున్నాడు. అక్కడ ఒకాయన చేతి గడియారం వేలితో తట్టి చూపిస్తున్నాడు. మాధవి మాటలు సగానికి తెగాయి. సత్యభామ కృష్ణుడికి లేఖ రాసే ఘట్టం, కలాపానికి గుండెకాయ లాంటిది, మొత్తానికే ఎత్తేశారు. అలిగిన భామ ఒక్క చరణంలో కృష్ణుడితో కలిసిపోయింది. హాలులో అందరూ చప్పట్లు కొట్టారు. కాళ్లకు గజ్జెలు కట్టిన ఆ కళాకారులకు ఆ చప్పట్లు చెందాలి, అవి ఇవ్వవలసినవే.

తరువాత లోపలికి వెళ్లాను. నలభై ఏళ్లు దాటిన మనిషి కొబ్బరినూనె రాసి ముఖం మీది రంగు తుడుచుకుంటున్నాడు. జడ విప్పి కుర్చీ మీద పెట్టారు, కుచ్చులు నేలకు తగులుతున్నాయి. "లేఖ పోయిందండీ" అన్నాడు నన్ను చూసి, ఏదో వస్తువు పారేసుకున్నట్టుగా. మృదంగం వాయించిన పెద్దాయన వాద్యానికి గుడ్డ సంచీ తొడుగుతూ, "పాడరా, ఇక్కడ గడియారం లేదు" అన్నాడు. ఆ కళాకారుడు సగం తుడిచిన ముఖంతో, ఒక కన్నుకు కాటుక ఉండగానే, లేఖ మొత్తం పాడాడు. పెద్దాయన సంచీ మీదుగానే వేళ్లతో దరువు వేశాడు. తెర పట్టిన కుర్రాళ్లిద్దరూ మడతపెడుతున్న గుడ్డను అలాగే పట్టుకుని నిలబడిపోయారు. పాట పూర్తయ్యేదాకా వ్యాను డ్రైవరు వచ్చి పిలవలేదు.