క్యాష్ చెత్త కాదు, రోజూ ఊడవక్కర్లేదు

నెట్ సెంటర్ పెట్టాక రోజుకోసారైనా వినే మాట: "అన్నా, సైటు ఓపెనవట్లేదు, క్యాష్ క్లియర్ చెయ్యవా?" (మొదట్లో మా నాన్న ఇది విని, గల్లాపెట్టె ఖాళీ చెయ్యమంటున్నారనుకున్నాడు.)

అపోహ: క్యాష్ పేరుకుపోయిన చెత్త. తీసేస్తే స్పీడు పెరుగుతుంది.

వాస్తవం: చాలాసార్లు తగ్గుతుంది. ఒకసారి చూసిన పేజీలోని బొమ్మలు, ఫాంట్లు, స్క్రిప్టులు మళ్లీ దించుకోకుండా బ్రౌజర్ డిస్కులో దాచుకుంటుంది, అదే క్యాష్. స్టవ్ పక్కన పోపుల డబ్బా లాంటిదన్నమాట. పూటపూటా దాన్ని ఒంపేసి ఆవాల కోసం కొట్టుకు వెళ్తే వంట ఎప్పటికయ్యేను? ఏది ఎన్నాళ్లు దాచాలో సైటు వాళ్లే చెబుతారు. తరచుగా మారని ఫైళ్లకు 31536000 సెకన్లు, అంటే ఏడాది, పెట్టడం మామూలే. కేటాయించిన చోటు నిండితే పాతవాటిని బ్రౌజరే తీసేస్తుంది.

అపోహ: ఫలితాల రోజు సైటు తిరుగుతూ ఉంటే క్యాష్ తీస్తే వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. అక్కడ అవతలి సర్వర్ మీద జనం పడ్డారు, మీ బ్రౌజర్ చేసేదేం లేదు.

క్యాష్ నిజంగా అడ్డుపడేది సైటు మారినా మీకు పాత పేజీయే కనిపించినప్పుడు, బటన్లు నొక్కినా పలకనప్పుడు. అప్పుడు కూడా ముందు కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దాచుకున్నది పక్కనపెట్టి పేజీని కొత్తగా తెస్తాయి. పది కేసుల్లో ఏడెనిమిది నేను ఇక్కడే వదిలించేస్తాను. కాకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ ఒక్క సైటు డేటా తీసేస్తే చాలు.

అపోహ: క్యాష్ తీస్తే లాగిన్లు పోతాయి.

వాస్తవం: లాగిన్లు ఉండేది కుకీల్లో, అంటే మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైటు మీ బ్రౌజర్లో పెట్టుకునే చిన్న చీటీల్లో. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో లూ మాంటుల్లీ అనే ఇంజనీరు చేసిన ఏర్పాటది. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కితే వచ్చే పెట్టెలో క్యాష్, కుకీలు, హిస్టరీ, కొన్ని బ్రౌజర్లలో పాస్‌వర్డులు కూడా, వేర్వేరు టిక్కులు. ఒక రిటైర్డ్ మాస్టారు ఇంట్లో అన్నిటికీ టిక్కు పెట్టేశారు. మర్నాడు నా దగ్గరికొచ్చి, "ఏమయ్యా, మెయిల్ పాస్‌వర్డ్ అడుగుతోంది, అది నాకెప్పుడు తెలుసు?" అన్నారు. సరే, రికవరీ చేద్దామంటే ఓటీపీ ఎప్పుడో వదిలేసిన నంబరుకి వెళ్తోంది. ఆ పని తెమలడానికి మూడు రోజులు పట్టింది. క్యాష్ ఒక్కదానికే టిక్కు పెట్టి ఉంటే ఇదేదీ ఉండేది కాదు.

అపోహ: అన్నీ చెరిపేస్తే, లేదా ఇన్‌కాగ్నిటోలో చూస్తే, ఎవరికీ తెలియదు.

వాస్తవం: మీరు వెళ్లిన సైటుకి తెలుసు. ఏ సైటుకి వెళ్లారో నెట్ ఇచ్చేవాళ్లకూ తెలిసే వీలుంది. ఇన్‌కాగ్నిటో కిటికీలన్నీ మూశాక హిస్టరీ, కుకీలు ఆ కంప్యూటర్లో మిగలవు, అంతే. దించుకున్న ఫైళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. మొన్న సెంటర్ మూసేముందు చూస్తే డౌన్‌లోడ్స్‌లో ఏడు ఆధార్ కార్డులున్నాయి. రీసైకిల్ బిన్‌లోనూ మిగలకుండా షిఫ్ట్, డిలీట్ కొట్టి తాళం వేశాను.