ఐర్లండ్ తటస్థత: అసలు కథ 1940 జూన్‌లో ఉంది

ఐర్లండ్‌లో ట్రిపుల్ లాక్ గొడవ మళ్లీ రాజుకుంది. పన్నెండు మందికి మించి సైనికుల్ని బయటి దేశాల్లో విధులకు పంపాలంటే అక్కడ ప్రభుత్వం నిర్ణయించాలి, పార్లమెంటు దిగువసభ ఒప్పుకోవాలి, ఐక్యరాజ్యసమితి అనుమతి ఉండాలి. ఈ మూడు షరతుల్నే ట్రిపుల్ లాక్ అంటారు, తటస్థతకు అదే కాపలా అని దాన్ని సమర్థించేవాళ్ల మాట. ఈ మూడో షరతు తీసేసి, 12ను 50 చేసే ముసాయిదాకు 2025 మార్చిలో కేబినెట్ సరేనంది. భద్రతామండలిలో రష్యా వీటో వేస్తే మన సైన్యం ఆగిపోవాలా అని ప్రభుత్వం అడుగుతోంది.

1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే ఐర్లండ్ ప్రధాని ఏమన్ డి వాలెరా తటస్థత ప్రకటించడం తెలిసిన కథే. (అదే నెలలో వైస్రాయ్ లిన్‌లిత్‌గో మనవాళ్లెవర్నీ అడక్కుండానే భారతదేశాన్ని యుద్ధంలోకి దించాడు.) బ్రిటన్ అంతకు ముందు ఏడాదే తన చేతిలో ఉన్న మూడు రేవుల్నీ ఐర్లండ్‌కు తిరిగి ఇచ్చేసింది. అవి బ్రిటిష్ నౌకాదళం దగ్గరే ఉంటే ఆ ప్రకటనకు విలువే ఉండేది కాదు.

అసలు పరీక్ష 1940 జూన్‌లో వచ్చింది. ఫ్రాన్స్ కూలిపోతోంది. లండన్ నుంచి బ్రిటిష్ మంత్రి మాల్కం మెక్‌డొనాల్డ్ డబ్లిన్ వచ్చి ఒక బేరం పెట్టాడు: మీరు మా పక్షాన యుద్ధంలోకి రండి, ఉత్తర, దక్షిణ ఐర్లండ్‌లు కలవాలన్న సూత్రాన్ని మేం ఒప్పుకుంటూ ప్రకటన చేస్తాం. డి వాలెరా జీవితమంతా కోరుకున్నది అదే. అయినా కాదన్నాడు. బ్రిటన్ ఓడిపోతుందన్న అనుమానం, చేతిలో సరైన ఆయుధాలు లేకపోవడం, దేశం చీలిపోతుందన్న భయం, అన్నీ ఉన్నాయి. వాటన్నిటికన్నా ముఖ్యం, ఆ మాటకు పూచీ లేదు. బెల్‌ఫాస్ట్‌లో, బ్రిటన్ కిందే ఉన్న ఉత్తర ఐర్లండ్ ప్రధాని క్రెయిగవన్ సంగతి తెలియగానే మండిపడ్డాడు. ఆయన ఒప్పుకోకపోతే లండన్ ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి మాట నమ్మిన అనుభవం ఐర్లండ్‌కు అప్పటికే ఉంది. 1914 సెప్టెంబరులో స్వపరిపాలన చట్టం పాసైంది, యుద్ధం అయ్యేదాకా అమలు మాత్రం వాయిదా. ఐరిష్ జాతీయవాద నాయకుడు జాన్ రెడ్‌మండ్ దాన్ని నమ్మి యువకుల్ని బ్రిటిష్ సైన్యంలో చేరమన్నాడు. ఆ యుద్ధంలో రెండు లక్షల మంది దాకా ఐరిష్‌వాళ్లు పనిచేశారు. చివరికి వచ్చింది దేశ విభజన.

1940 తర్వాత తటస్థత ఏమంత నిక్కచ్చిగా సాగలేదు. వాయవ్య ఐర్లండ్‌లోని డోనిగాల్ మీదుగా మిత్రపక్షాల విమానాలు ఎగిరాయి, వాతావరణ నివేదికలు లండన్‌కు వెళ్లాయి. హిట్లర్ చనిపోయినప్పుడు డి వాలెరా జర్మన్ రాయబారి దగ్గరికెళ్లి సంతాపం చెప్పి చెడ్డపేరూ తెచ్చుకున్నాడు. కానీ యుద్ధం విషయంలో పెద్దవాళ్ల హామీల్ని నమ్మకూడదన్నది మాత్రం జనంలో నిలిచిపోయింది.

ట్రిపుల్ లాక్ మార్పును ఇప్పుడు వ్యతిరేకించేవాళ్లు పట్టుకున్నది కూడా హామీనే, ఈసారి సొంత ప్రభుత్వానిది. 2001లో యూరోపియన్ యూనియన్ నీస్ ఒప్పందాన్ని ఐరిష్ ఓటర్లు దాదాపు 54 శాతంతో తిప్పికొట్టారు. మనల్ని యూరప్ సైన్యంలోకి లాగుతారన్న భయం అందుకు ఒక కారణం. 2002 జూన్‌లో స్పెయిన్‌లోని సెవిల్‌లో ప్రభుత్వం ట్రిపుల్ లాక్‌కు కట్టుబడతామని లిఖితపూర్వకంగా ప్రకటించి, మళ్లీ ఓటింగ్ పెట్టింది. అక్టోబరులో దాదాపు 63 శాతం అవునన్నారు. ఆ మాట మార్చాలంటే మళ్లీ జనాన్నే అడగండి అని వాళ్లంటున్నారు. కానీ ట్రిపుల్ లాక్ రాజ్యాంగంలో లేదు, మామూలు చట్టంలో ఉంది. సభలో మెజారిటీ ఉంటే తీసేయొచ్చు.