ఆస్పత్రి కిటికీ, చీటీలోని చిరునామా

ప్రియమైన పిల్లలకు,

అమ్మమ్మకు తోడుగానో, తమ్ముడికి జ్వరం వస్తేనో మీరూ ఆస్పత్రికి వెళ్తుంటారు. అక్కడ టీబీ (క్షయ) వార్డు బోర్డు కనబడగానే ముక్కు మూసుకుని గబగబా దాటిపోయేవాళ్ళను చూసే ఉంటారు. ఆ వార్డులో వాళ్ళకు జబ్బేమిటో తెలిసింది, మందు పడుతోంది. సరైన మందు పడితే ఇతరులకు అంటడం కొద్దిరోజుల్లోనే బాగా తగ్గిపోతుంది. అసలు చిక్కంతా ఓపీ వరుసలో ఉంది. తనకు క్షయ ఉందని తనకే తెలియని మనిషి, చీటీ పట్టుకుని, దగ్గుతూ పదిమంది మధ్య కూర్చుని ఉంటాడు.

దగ్గినప్పుడు పెద్ద తుంపరలు నేలరాలిపోతాయి. సన్నవి గాలిలోనే ఆరి, 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) నలుసులై గంటల తరబడి తేలుతాయి. ఊపిరితిత్తుల లోతుకు చేరేవి అవే. కంచం, గ్లాసు, దుప్పటి వల్ల క్షయ అంటుకోదు. రోగికి కంచం వేరు పెట్టి, గది కిటికీ మాత్రం బిగించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఎంత తలకిందుల పనో చూడండి!

అందుకే ఆస్పత్రి గుమ్మంలోనే అడగాలి: రెండు వారాలు దాటి దగ్గు ఉందా? సాయంత్రాలు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నాయా? ఉంటే మూతికి మామూలు సర్జికల్ మాస్కు ఇచ్చి, బయటి వరండాలో కూర్చోబెట్టి, అందరికన్నా ముందు డాక్టరు దగ్గరికి పంపాలి. ‘పొద్దున్నుంచీ మేమున్నాం కదా’ అని వరుసలోవాళ్ళు తగువు పెట్టుకుంటారు. ఆయన్ను త్వరగా పంపేది వాళ్ళ మేలు కోరే అని చెప్పేవాళ్ళు ఒకరుండాలి.

తెమడ తీయించేది కూడా ఆరుబయటే, ఎదురుగా ఎవరూ లేని చోట. బాత్‌రూముకు పంపడం పెద్ద పొరపాటు. ఆ ఇరుకు గాలి తర్వాత వెళ్ళినవాళ్ళు పీలుస్తారు. నోరు పుక్కిలించి, రెండుమూడు సార్లు నిండుగా ఊపిరి పీల్చి, లోపలినుంచి దగ్గి 2 నుంచి 5 మి.లీ. ఇవ్వాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష వృథా. తెమడ బాగుంటే సీబీనాట్ యంత్రం రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో చెబుతుంది, క్షయకు వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా.

ఇక గాలి. దీనికి మీరే చేయగల లెక్క ఒకటుంది. గాలి వేగాన్ని (సెకనుకు మీటర్లలో) కిటికీ తెరిచిన వైశాల్యంతో (ఎదురెదురుగా రెండుంటే చిన్నదానితో, చదరపు మీటర్లలో) హెచ్చవేసి, 0.65తో, 3600తో మళ్ళీ హెచ్చవేసి, గది ఘనపరిమాణంతో భాగించండి. గదిలో గాలి గంటకు ఎన్నిసార్లు మారుతుందో సుమారుగా వస్తుంది. 4 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తున్న గదికి 48 ఘనపు మీటర్లు. ఎదురెదురు కిటికీలు చెరో అర చదరపు మీటరు తెరిచి, గాలి వేగం సెకనుకు అర మీటరుంటే జవాబు 12. అంటే దగ్గిన మనిషి వెళ్ళాక నలుసుల్లో 99 శాతం పోవడానికి దాదాపు 23 నిమిషాలు. ఒక్క కిటికీని సగం మూసినా లెక్క 6కు పడుతుంది, ఆ సమయం 46 నిమిషాలవుతుంది. రెండిట్లో చిన్న సందు ఎంతో అంతే గాలి! దుమ్ముపట్టిన దోమతెర, సగమే తెరుచుకునే జరుపుడు కిటికీ చేసే నష్టం ఇదే. స్ప్లిట్ ఏసీ అయితే గదిలో గాలినే చల్లబరిచి తిప్పుతుంది, బయటిగాలిని తేదు. డాక్టరు కుర్చీ కూడా చూసి వేయాలి: గాలి డాక్టరు వైపునుంచి రోగి మీదుగా బయటికి పోవాలి.

సిబ్బందికి సన్నని నలుసుల్ని కూడా ఆపే ఎన్95 మాస్కు. పెట్టుకున్నాక చేతులతో కప్పి గట్టిగా ఊదితే అంచుల్లోంచి గాలి తగలకూడదు. గడ్డం ఉంటే అంచు కుదరదు.

ఇవేవీ పట్టించుకోకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలోని టుగెలా ఫెర్రీ అనే ఊరు చూపించింది. 2006లో బయటపడిన లెక్క ప్రకారం, దాదాపు ఏ మందుకూ లొంగని క్షయ అక్కడ 53 మందికి వచ్చింది, 52 మంది చనిపోయారు. పరీక్ష చేయించుకున్నవాళ్ళందరికీ హెచ్ఐవీ ఉంది. చాలామంది అంతకుముందు ఆస్పత్రిలో పడుకుని వచ్చినవాళ్ళే. ఇద్దరు ఆస్పత్రి సిబ్బంది కూడా పోయారు.

చివరిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది, కబురు చేయడం. మన దేశంలో 2012 మే 7 నుంచి ప్రతి టీబీ కేసునూ, ప్రైవేటు ఆస్పత్రిలో తేలినా సరే, ప్రభుత్వానికి తెలపాలి. నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ వెబ్‌సైటులో పేరు, చిరునామా, ఫోను నంబరు, పరీక్ష ఫలితం ఎక్కించాలి. అది పోలీసు ఫిర్యాదు కాదు, ఊరికి చాటింపూ కాదు. ల్యాబు పంపుతుందిలే అని డాక్టరు, డాక్టరు పంపుతాడులే అని ల్యాబు ఊరుకుంటే ఆ మనిషి లెక్కలోంచి జారిపోతాడు. పట్నంలో చుట్టాలింటి చిరునామా రాయించినా అంతే. ఆశా కార్యకర్త ఆ ఇంటి తలుపు తడుతుంది, వాళ్ళు అక్కడుండరు. సొంతింట్లో ఐదేళ్ళలోపు పాప ఉంటే, పరీక్ష చేసి, జబ్బు లేదని తేల్చుకుని, జబ్బు రాకుండా ముందుగా వేయవలసిన మందు ఆ పాపకు అందదు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బని తేలితే, చీటీలో ఇంటి నంబరు, ఫోను నంబరు సరిగా ఉన్నాయో లేదో మీరు చదివి చూడండి. సందేహం వస్తే 1800-11-6666కు ఫోను చేయండి, డబ్బులు పడవు.

మీ తాతయ్య