మాగాయ ఊట, మన బీపీ

"సైంధవ లవణమే వాడుతున్నానండీ, అయినా బీపీ తగ్గట్లేదేం?" అని మా పక్కింటావిడ అడిగారు. చాలామందికి ఈ నమ్మకం ఉంది. సైంధవ లవణమైనా, కల్లుప్పయినా, ప్యాకెట్ ఉప్పయినా దాదాపు అంతా సోడియం క్లోరైడే. గులాబీ రంగును రక్తనాళాలు పట్టించుకోవు.

మాగాయ పెట్టేటప్పుడు చూడండి. మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో వేస్తాం. చుక్క నీళ్లు పోయం. మూడో రోజుకల్లా ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగేసింది. మన ఒంట్లోనూ ఉప్పు ఎక్కువగా కణాల బయటే ఉండి, నీటిని తన దగ్గర పట్టి ఉంచుతుంది. ఎంత పట్టి ఉంచుతుందో సెలైన్ సీసాని బట్టి లెక్క కట్టొచ్చు: అర లీటరులో 4.5 గ్రాముల ఉప్పు. అంటే ఒంట్లో అదనంగా 9 గ్రాములు నిలిచిపోతే దాదాపు లీటరు నీరు దాంతోపాటే ఉండిపోతుంది. అందులో కొంత రక్తంలో చేరుతుంది. నాళాలు అవే, లోపల నీరు పెరిగింది, దాంతో గోడల మీద ఒత్తిడీ (బీపీ) పెరుగుతుంది.

ఆ ఉప్పును బయటికి పంపాల్సింది కిడ్నీలు. రక్తం నుంచి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడకడతాయి. అందులో ఉప్పే దాదాపు కిలోన్నర! 99 శాతం పైగా మళ్లీ రక్తంలోకే పీల్చుకుంటాయి. వడకట్టిన ద్రవం పోయే సన్నని గొట్టాల చివరి మలుపుల దగ్గర, ఉప్పును వెనక్కి తీసుకునే సోడియం క్లోరైడ్ కోట్రాన్స్‌పోర్టర్ అనే ప్రోటీన్ తలుపుంది. రక్తంలో పొటాషియం పెరిగితే దాన్ని చురుగ్గా ఉంచే ఫాస్ఫేట్ అనే రసాయన ముక్క ఊడిపోయి తలుపు మందగిస్తుంది, సోడియం మూత్రంలోకి పోతుంది. డాక్టర్లు బీపీకి రాసే థయజైడ్ మాత్ర అడ్డుకునేదీ ఈ తలుపునే! పొటాషియం ఉన్న తోటకూర, అరటిపండు, ఈ మాత్ర అన్నీ ఒకేచోట పనిచేస్తాయని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. బడిలో నెఫ్రాన్ (కిడ్నీలోని వడపోత గొట్టం) బొమ్మ గీయించి మార్కులు వేశారే గానీ, ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా పొటాషియం పెంచకూడదు.

నడక, బరువు, నిద్ర, సిగరెట్ మానడం ముఖ్యమే, అవి అందరూ చెబుతున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే చిన్న చెంచాడు. అప్పడం, పచ్చడి, మిక్చర్ అన్నీ అందులోకే రావాలి. "మరి మాగాయ?" అన్నారావిడ, ముఖం చిన్నబుచ్చుకుని. ముద్దకు తగిలేంత చాలండీ, మజ్జిగలో ఉప్పు ముందు ఆపండి, మాత్ర మానకండి అన్నాను. మొదట్లో చప్పగా ఉంటుంది. కొన్ని వారాలకు నాలుక ఆ రుచికి అలవాటు పడుతుంది.