ప్యాసింజర్ బండి నంబర్ ముందు సున్నా ఎక్కడ్నుంచి వచ్చింది

మాది కాజీపేట-విజయవాడ లైను మీద, రెండు రాష్ట్రాల బార్డర్‌కి దగ్గర్లో ఒక చిన్న స్టేషన్. ఇక్కడ ప్యాసింజర్ ఎక్కేవాళ్లకి బండి నంబర్‌తో ఎప్పుడూ పని లేదు. పొద్దున బండి, పదింటి బండి, సాయంత్రం పుష్‌పుల్, అంతే. అలాంటిది 2021లో బండ్లు మళ్లీ మొదలయ్యాక నంబర్ ముందు సున్నా వచ్చి చేరింది, పది రూపాయల టికెట్ ముప్పై అయింది. ఇదేంటని అడిగితే ఇది స్పెషల్ బండి అన్నారు. అదే పెట్టె, అవే చెక్క బల్లలు, అదే ఫ్యాను, పెన్నుతో తిప్పితే గానీ తిరగదు, అందులో స్పెషల్ ఏముందో మాకైతే అర్థం కాలా. ఆ సున్నా దాదాపు మూడున్నరేళ్లు పోలేదు. అదెందుకొచ్చిందో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

మన దేశంలో అంటురోగానికీ రైలుకీ సంబంధం పాతదే. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది, మరుసటి ఏడు ఫిబ్రవరిలో బ్రిటిష్ వాళ్లు ఎపిడెమిక్ డిసీజెస్ యాక్ట్ తెచ్చారు. నాలుగే సెక్షన్ల చట్టం, మొత్తం కలిపి ఒకట్రెండు పేజీలు. అందులోనే రైల్లో పోయేవాళ్లని ఆపి పరీక్ష చెయ్యొచ్చు, అనుమానం ఉంటే విడిగా పెట్టొచ్చు అని రాసుంది. 2020 మార్చిలో రాష్ట్రాలు బయటికి తీసింది ఈ చట్టాన్నే, 123 ఏళ్ల తర్వాత. కానీ గమనించండి, అందులో ఉన్నది ప్రయాణికుల్ని చూడమని, బండ్లు ఆపమని కాదు. 1918 ఇన్‌ఫ్లూయెంజా ఓడల్లో వచ్చి రైలు పట్టాల వెంబడే లోపలికి పాకింది, కోటి మందికి పైగా పోయారు, అయినా దేశమంతా బండ్లు ఆపలేదు. 1974 మేలో రైల్వే వాళ్లు 17 లక్షల మంది దాకా సమ్మెకి దిగి ఇరవై రోజులు చేస్తే అప్పుడు కూడా ఎక్కడో అక్కడ కొన్ని బండ్లు నడుస్తూనే ఉన్నాయి. దేశం మొత్తమ్మీద ప్రయాణికుల బండి అన్నదే లేకుండా పోవడం 1853 తర్వాత 2020 మార్చిలోనే.

అది కూడా ఒక్కసారిగా రాలేదు. మొదట మార్చి 17న జనం గుమిగూడకుండా అని 250 స్టేషన్లలో ప్లాట్‌ఫాం టికెట్ 50 రూపాయలు చేశారు. 20 నుంచి ముసలివాళ్ల రాయితీ తీసేశారు, పెద్దవాళ్లు అనవసరంగా తిరగొద్దని. (ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దీని దగ్గరికి.) 21న రైల్వే శాఖే బయటపెట్టింది, 13వ తేదీన ఢిల్లీ నుంచి రామగుండం దాకా ఏపీ సంపర్క్‌క్రాంతిలో వచ్చిన 8 మందికి పాజిటివ్ అని. ఆ మాట వినగానే మా దగ్గర జనానికి రైలంటేనే భయం పట్టుకుంది. 22 ఆదివారం జనతా కర్ఫ్యూ, చప్పట్లు కొట్టాం కదా, ఆ రోజే 31 దాకా ప్రయాణికుల బండ్లన్నీ బంద్ అని ప్రకటన వచ్చింది. ఆ తెల్లారుజామున నాలుగింటికి ముందు బయల్దేరినవి మాత్రం గమ్యం చేరతాయన్నారు. రోజూ పదమూడు వేలకి పైగా నడిచే బండ్లు ఆగిపోయాయి. మా ఇల్లు పట్టాలకి దగ్గర, ఆ రాత్రి ఒక్క కూత కూడా లేకపోయేసరికి మా అమ్మకి నిద్ర పట్టలేదు.

గూడ్సులు మాత్రం ఆగలేదు. మార్చి 26 నుంచే రేణిగుంట నుంచి ఢిల్లీ నిజాముద్దీన్‌కి దూద్ దురంతో అని పాల ట్యాంకర్ల బండి నడిచింది, తర్వాత సెప్టెంబర్‌లో అనంతపురం నుంచి ఢిల్లీకి పండ్లతో కిసాన్ రైలు కూడా పోయింది. తప్పు పట్టట్లేదు, పాలు పోవాల్సిందే, కానీ పాలకి దారి ఉన్నప్పుడు మనుషులకి ఒక్క దారైనా ముందే ఆలోచించి ఉండాల్సింది కదా అనిపిస్తుంది.

ఇక బార్డర్ సంగతి. నిజానికి మాకు బార్డర్ అనేదే 2014 జూన్ 2న వచ్చింది. అది వచ్చాక కూడా మాకు పెద్ద తేడా ఏం తెలీలేదు, ఆస్పత్రికీ బట్టలకీ బంగారానికీ విజయవాడే, ఆ ఊళ్లకీ ఈ ఊళ్లకీ పెళ్లి సంబంధాలు మామూలే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక సేల్స్ ట్యాక్స్ చెక్‌పోస్టులు కూడా ఎత్తేశారు, ఇంక గీత కాగితం మీదే మిగిలింది అనుకున్నాం. మూడేళ్లు నిండకుండానే అది మళ్లీ మొలిచింది, ఈసారి బారికేడ్లతో.

మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు హాస్టళ్లలో పిల్లల్ని ఖాళీ చెయ్యమన్నారు, వాళ్లు పోలీస్ స్టేషన్ల ముందు క్యూలు కట్టారు, పోలీసులు పాసులు ఇచ్చేశారు. మరుసటి రోజు ఉగాది. బైకులూ కార్లూ వేసుకుని వేలమంది బయల్దేరి, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు కాడికి వచ్చి ఆగిపోయారు, ఎందుకంటే తెలంగాణ పోలీసులు ఇచ్చిన పాసు ఏపీ పోలీసులకి చెల్లదు. ఇద్దరు ముఖ్యమంత్రులూ ఫోన్లో మాట్లాడుకున్నాక, పరీక్షలు చేసి 14 రోజులు క్వారంటైన్‌లో ఉంటామంటేనే వదిలారు, కొందర్ని నూజివీడు ట్రిపుల్ ఐటీకి పంపించారు. ఇటు వాడపల్లి బ్రిడ్జి దాటాక పొందుగుల దగ్గర కూడా ఇదే తంతు. పండగ పూట పచ్చడి లేదు సరే, మంచినీళ్ల బాటిల్ కూడా దొరకని చోట రోడ్డు మీద కూర్చోబెట్టారు పిల్లల్ని. రైళ్లు రెండ్రోజులు ముందే ఆపి, ఆ తర్వాత హాస్టళ్లు ఖాళీ చేయిస్తే ఇంకేమవుతుంది?

నిజామాబాద్ జిల్లా బోధన్ వైపు ఒక టీచరమ్మ అయితే నెల్లూరు దగ్గర ఇరుక్కుపోయిన కొడుకు కోసం పోలీసుల దగ్గర లెటర్ తీసుకుని స్కూటీ మీద ఒక్కతే పోయి తీసుకొచ్చుకుంది, రానూపోనూ 1400 కిలోమీటర్లు, మూడ్రోజులు. అప్పట్లో అందరూ ఆమెని మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే, కానీ ఒక తల్లి అంత దూరం స్కూటీ మీద ఎందుకు పోవాల్సొచ్చిందని ఎవరూ పెద్దగా అడగలేదు. గుజరాత్ వెరావల్‌లో చిక్కుకున్న శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా బోట్లలోనే వారాల తరబడి ఉండి, ఏప్రిల్ చివర్లో గానీ బస్సుల్లో బయల్దేరలేదు. ములుగు వైపు మిర్చి కోతకి వచ్చిన ఛత్తీస్‌గఢ్ పన్నెండేళ్ల పిల్ల అడవి దారిన నడిచిపోతూ ఇల్లు ఇంకాసేపట్లో వస్తుందనగా చనిపోయింది. మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద పడుకున్న 16 మంది వలస కూలీల మీద నుంచి గూడ్సు పోయింది. బండ్లు నడవట్లేదు కదా అనుకుని పడుకున్నారు వాళ్లు.

వలస కూలీల్ని సొంతూళ్లకి చేర్చే శ్రామిక్ రైళ్లలో మొదటిది కదిలింది మన లింగంపల్లి నుంచే, మే 1 తెల్లారుజామున 4:50కి, జార్ఖండ్ హటియాకి, 1200 మంది దాకా. వాళ్లంతా కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ బిల్డింగుల పనిలో ఉన్నవాళ్లు. బండి దానంతట అదే రాలేదు, రెండ్రోజుల ముందు వాళ్లు రోడ్డెక్కి గొడవ చేశాకే వచ్చింది. మే 12 నుంచి ఢిల్లీకి ఏసీ స్పెషళ్లు 15 జతలు, జూన్ 1 నుంచి ఇంకో వంద జతలు. గోదావరి, గోల్కొండ, ఫలక్‌నుమా, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లు అందులో ఉన్నాయి.

సున్నా ఇక్కడే మొదలైంది. రైల్వేలో ఐదంకెల నంబర్ మొదట సున్నా ఉంటే అది స్పెషల్ బండి, అంటే రెగ్యులర్ టైంటేబుల్‌లో లేనిది, ఇష్టమైతే నడుపుతారు లేకపోతే ఆపేస్తారు. 12727 గోదావరి కాస్తా 02727 అయింది. మామూలు బండ్లన్నీ రద్దు అన్న ఉత్తర్వు అలాగే ఉంచి, దాని పక్కన స్పెషళ్ల పేరుతో అవే బండ్లు తిప్పారు. అప్పటికి అది సబబే, కేసులు పెరిగితే ఆపెయ్యడం తేలిక. కానీ స్పెషల్ అన్న మాటలో ఇంకో సదుపాయం కూడా ఉంది, హాల్టులు తగ్గించొచ్చు, రాయితీలు ఇవ్వక్కర్లేదు, రిజర్వేషన్ లేకుండా ఎక్కనివ్వక్కర్లేదు, సీజన్ టికెట్ చెల్లదనొచ్చు. అదే జూన్‌లో రైల్వే బోర్డు జోన్లకి రాసింది, 200 కిలోమీటర్లు దాటే ప్యాసింజర్లని ఎక్స్‌ప్రెస్‌లుగా మార్చే ప్రతిపాదనలు పంపమని. ప్యాసింజర్ మీద నష్టం అన్నది వాళ్ల పాత బాధే, 2016 నుంచీ రిజర్వేషన్ టికెట్ల మీద అచ్చేసి మరీ చెబుతున్నారు, ప్రయాణం ఖర్చులో 57 శాతమే మీ దగ్గర్నుంచి వస్తోందని. అంటే కరోనా రాకముందే ప్యాసింజర్ బండి వాళ్ల కంట్లో నలుసు, కరోనా వచ్చి ఆ పని సులువు చేసింది. ఇది నా అభిప్రాయమే అనుకోండి, కానీ ఏ బండి ఎప్పుడు తిరిగొచ్చిందో వరసగా చూడండి: ముందు ఏసీ, తర్వాత స్లీపర్, అక్టోబర్‌లో పండగ స్పెషళ్లు, అవి కూడా అదనపు చార్జీతో. హైదరాబాద్ లోకల్ బండి ఎంఎంటీఎస్ 2021 జూన్ 23న వచ్చింది, అదీ పదే పది సర్వీసులు. దక్షిణ మధ్య రైల్వేలో ప్యాసింజర్లు 2021 జూలై 19 నుంచి, 16 ఎక్స్‌ప్రెస్‌లు 66 ప్యాసింజర్లు కలిపి 82 బండ్లు. పదిహేనూ పదహారు నెలలు పాలవాళ్లూ కూరగాయలవాళ్లూ డయాలసిస్‌కి పోయేవాళ్లూ ఆటోలకి పోశారు డబ్బులు.

ఈ మధ్యలో బస్సుల గొడవ వేరే. 2020 ఆగస్టులో కేంద్ర హోం కార్యదర్శి రాష్ట్రాల మధ్య రాకపోకలు ఆపొద్దని లెటర్ రాసినా, రెండు ఆర్టీసీల మధ్య బస్సులు తిరగలేదు. ఈసారి కారణం కరోనా కాదు, కిలోమీటర్లు. అంతకుముందు ఏపీ బస్సులు తెలంగాణలో రోజుకి 2.65 లక్షల కిలోమీటర్లు, తెలంగాణ బస్సులు ఏపీలో లక్షన్నర తిరిగేవి, సమానంగా ఉండాల్సిందే అని తెలంగాణ పట్టు. దసరాకి ఏపీ బస్సులు బార్డర్ దాకా వచ్చి దింపేవి, సంచులు పట్టుకుని అటు నుంచి ఇటు నడిచి ఇంకో బస్సు చూసుకోవడమే. నవంబర్ 2న ఒప్పందం కుదిరింది, ఇద్దరికీ 1.61 లక్షలకి కాస్త అటూ ఇటూగా. మొత్తమ్మీద తెలుగువాళ్లకి పోయింది లక్ష కిలోమీటర్ల బస్సు, రోజుకి.

సెకండ్ వేవ్‌లో ఇంకా ఘోరం, 2021 మేలో కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర ఏపీ అంబులెన్సుల్ని ఆపేశారు, హైదరాబాద్ ఆస్పత్రిలో బెడ్ ఉందని కాగితం చూపిస్తేనే అని. తెలంగాణ హైకోర్టు మే 14న ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చింది.

2021 నవంబర్‌లో ఎక్స్‌ప్రెస్‌లకి సున్నా తీసేసి పాత నంబర్లు, పాత చార్జీలు ఇచ్చారు. మా ప్యాసింజర్లకి ఇవ్వలేదు. ముప్పై రూపాయల కనీస టికెట్ మళ్లీ పది అయింది 2024 ఫిబ్రవరి చివర్లో, ఎన్నికలకి రెండు నెలల ముందు. నంబర్ ముందు సున్నా పోయి మెమూకి (కరెంటుతో నడిచే లోకల్ బండి) 6, డెమూకి (డీజిల్‌తో నడిచేది) 7, మామూలు ప్యాసింజర్‌కి 5 వచ్చింది 2025 జనవరి 1న. కొన్ని చిన్న హాల్టులు మాత్రం అలాగే పోయాయి, ఆ ప్లాట్‌ఫాంల మీద ఇప్పుడు మిరపకాయలు ఎండబోస్తున్నారు.

ఇంక ఆ మొదటి ముక్క. పెద్దవాళ్లు తిరగొద్దని 2020 మార్చి 20న తీసేసిన రాయితీ, మగవాళ్లకి అరవై దాటితే 40 శాతం, ఆడవాళ్లకి యాభై ఎనిమిది దాటితే 50. 2025 దాటినా తిరిగి ఇవ్వలేదు. మా అమ్మ మాత్రం టికెట్ తీసుకునేటప్పుడల్లా ఆధార్ కార్డు బయటికి తీసి పెట్టుకుంటుంది. వద్దమ్మా ఇప్పుడది లేదు అంటే, అడిగితే పోయేదేముంది రా అంటుంది.