థ్రెడ్‌ను కోర్‌కి పిన్ చేస్తే ఆ కోర్ మీ సొంతం కాదు

"కోర్ 3కి పిన్ చేశాను, అయినా లేటెన్సీ (స్పందనకు పట్టే సమయం) ఎగిరిపడుతోంది. షెడ్యూలర్‌లో బగ్ ఉన్నట్టుంది." లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పని చూసే నాకు ఈ మాట వినపడని నెల లేదు. పిన్ చేయడమంటే ప్రోగ్రామ్‌లోని ఒక పనివరుసను, అంటే థ్రెడ్‌ను, ప్రాసెసర్‌లోని ఒకే కోర్ మీద నడవమని కట్టేయడం. ఏ థ్రెడ్ ఏ కోర్ మీద ఎప్పుడు నడవాలో తేల్చేది కెర్నల్‌లోని షెడ్యూలర్.

అపోహ: పిన్ చేస్తే ఆ కోర్ మీద నా థ్రెడ్ ఒక్కటే నడుస్తుంది.

వాస్తవం: ఎఫినిటీ మాస్క్ (థ్రెడ్ ఏ కోర్ల మీద నడవొచ్చో చెప్పే జాబితా) మీ థ్రెడ్‌కి హద్దు గీస్తుంది, మిగతావాటికి గీయదు. గుంజకు కట్టిన గేదె ఎటూ పోదు, కానీ దాని ముందున్న గడ్డిని పక్క గేదె తినకుండా ఆ తాడు ఆపలేదు కదా!

మొన్నామధ్య ఒక కుర్రాడు రిలీజ్ ముందురోజు రాత్రి ఫోన్ చేశాడు. గొంతంతా టెన్షన్. "అన్నా, కెర్నల్ వెర్షన్ మార్చేయమంటారా?" అన్నాడు. ఏమీ మార్చొద్దు, షెడ్ స్విచ్ ట్రేస్ (కోర్ మీద ఏ థ్రెడ్ దిగి ఏది ఎక్కిందో చూపే రికార్డు) పెట్టి కోర్ 3 లైన్లు మాత్రం చూడమన్నాను. చూస్తే ఏముంది, అతని థ్రెడ్‌ను దించి ఎక్కుతున్నది అతని సొంత లాగర్ (లాగ్ రాసే) థ్రెడ్డే! మెయిన్ థ్రెడ్‌ను ముందు పిన్ చేసి, తర్వాత మిగతా థ్రెడ్లను పుట్టించాడు. కొత్త థ్రెడ్‌కి పుట్టించిన థ్రెడ్ మాస్కే వస్తుంది. పక్క కోర్లు ఖాళీగా ఉన్నా అన్నీ కోర్ 3 మీదే తోసుకుంటున్నాయి. పైగా ప్రాక్ ఇంటరప్ట్స్ ఫైల్‌లో చూస్తే నెట్‌వర్క్ కార్డు ఇంటరప్ట్‌లూ (పని ఆపి నన్ను చూడమని పరికరం పంపే పిలుపులు) ఆ కోర్‌కే వస్తున్నాయి. షెడ్యూలర్ చెప్పింది చెప్పినట్టే చేసింది.

కోర్ నిజంగా ఖాళీ కావాలంటే ఐసోల్‌సీపీయూస్ (బూట్ అప్పుడు ఇచ్చే కెర్నల్ సెట్టింగ్) లేదా సీపీయూసెట్‌తో (ప్రాసెస్‌లకు కోర్లను గుంపులుగా కేటాయించేది) దాన్ని విడదీయాలి, ఇంటరప్ట్‌లను వేరే కోర్లకు మళ్లించాలి. అప్పుడు కూడా ఆ కోర్‌కే కట్టుబడిన కెర్నల్ థ్రెడ్లు కొన్ని ఉంటాయి. వాటిని కదపబోతే కెర్నల్ 'ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్' అంటుంది. అది బగ్ కాదు, కంగారుపడకండి.

అపోహ: ఐసోల్‌సీపీయూస్‌తో నాలుగు కోర్లు ఇస్తే థ్రెడ్లు వాటిలో సర్దుకుంటాయి.

వాస్తవం: సర్దుకోవు. మామూలుగా వాడితే అక్కడ లోడ్ బ్యాలెన్సింగ్ (పనిని కోర్ల మధ్య పంచడం) ఉండదు, అన్నీ ఒకే కోర్ మీద పోగుపడొచ్చు. ఒక్కో థ్రెడ్‌ను విడిగా పిన్ చేయండి.

అపోహ: టాస్క్‌సెట్‌కి (పిన్ చేసే కమాండ్) పీఐడీ (ప్రాసెస్ నంబరు) ఇస్తే ప్రాసెస్ మొత్తం పిన్ అవుతుంది.

వాస్తవం: నడుస్తున్న ప్రాసెస్ అయితే ఆ నంబరున్న ఒక్క థ్రెడ్డే పిన్ అవుతుంది. అన్నిటికీ కావాలంటే మైనస్ ఏ కూడా ఇవ్వాలి.

అపోహ: ప్రయారిటీ ఫిఫో 99 (అత్యధిక రియల్‌టైమ్ ప్రాధాన్యం) పెట్టి, ఆర్‌టీ థ్రాటిలింగ్ (రియల్‌టైమ్ థ్రెడ్లు కోర్‌ను పూర్తిగా మింగేయకుండా ఆపే హద్దు) ఆపేస్తే చాలు.

వాస్తవం: ఎవరో రాశారని దయచేసి ఈ పని చేయకండి. మీ థ్రెడ్ లూప్‌లో తిరుగుతూనే ఉంటే ఆ కోర్ కెవర్కర్‌కి (కెర్నల్ సొంత పనులు చేసే థ్రెడ్) వంతే రాకపోవచ్చు. దాని పని పూర్తవడం కోసం వేరే కోర్‌లో ఎదురుచూస్తున్న ప్రాసెస్ కూడా అక్కడే ఆగిపోవచ్చు. మెషీన్ హ్యాంగ్ అయిందని నా దగ్గరకు వచ్చే కేసుల్లో ఇదీ ఒకటి.

అపోహ: పిన్ చేసిన థ్రెడ్ ఎప్పటికీ కదలదు.

వాస్తవం: ఆ కోర్‌ను ఆఫ్‌లైన్ చేస్తే కెర్నల్ దాన్ని వేరేచోటికి పంపేస్తుంది. డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల లాగ్) 'నో లాంగర్ ఎఫైన్' అన్న లైన్ కోసం వెతకండి.