పాలగడ్డ అనుకుని పోగొట్టుకున్న నెలలు

ఉదయగిరి వైపు పల్లెల్లో బాలింత రొమ్ములో గట్టిగా తగిలిందంటే ఇంట్లో పెద్దామె మాట ఒకటే: "పాలు కట్టుకున్నాయి లేమ్మా, బిడ్డకు బాగా పట్టు." చాలాసార్లు ఆమె చెప్పిందే నిజం. కాపడం పెట్టి పాలు పిండితే నాలుగైదు రోజుల్లో మెత్తబడుతుంది. చిక్కంతా మెత్తబడని గడ్డతోనే.

గర్భంతో ఉండగా, లేదా కాన్పయిన ఏడాదిలోపు బయటపడే రొమ్ము క్యాన్సర్‌ను డాక్టర్లు ఒకే కోవలో చూస్తారు. గర్భంలో ఉండగా అయితే ఇది సుమారు 3,000 మందిలో ఒకరికి. అరుదే, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఆలస్యం మన పెద్దామెలతో మొదలైంది కాదు. గర్భిణికి ఈ జబ్బు వస్తే ఆపరేషన్ చేసినా లాభం లేదని 1943లో హాగెన్సెన్, స్టౌట్ అనే అమెరికా డాక్టర్లు రాశారు. పెద్ద డాక్టర్లే చేతులెత్తేశాక మిగతావాళ్లు ఏం చేస్తారు? తర్వాతి దశాబ్దాల్లో ఆ మాట నిలబడలేదు. గర్భం తీయించినంత మాత్రాన తల్లి ఆయుష్షు పెరగదనీ తేలింది. 1999లో అమెరికాలోనే మరో వైద్య బృందం, మూడు నెలలు దాటిన 24 మంది గర్భిణులకు కీమో (క్యాన్సర్ మందులు) ఇచ్చి, ఆ దశలో ఇవ్వొచ్చని చూపింది. రేడియేషన్, టామోక్సిఫెన్ అనే హార్మోన్‌ను అడ్డుకునే మాత్ర మాత్రం ఇప్పటికీ కాన్పయ్యాకే. కాన్పు తర్వాత బయటపడే గడ్డలు కొంచెం మొండివన్నదీ నిజమే.

మనవాళ్లకు క్యాన్సర్ అంటే చాలాకాలం మద్రాసు రైలే. చెల్లెలు క్యాన్సర్‌తో పోయిందన్న బాధతో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పట్టుబట్టి సాధించిన అక్కడి అడయారు క్యాన్సర్ ఆస్పత్రి 1954లో తెరుచుకుంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఖర్చు భయం కొంత తగ్గింది.

తగ్గనిది ఇంట్లో జరిగే ఆలస్యం. తొలికాన్పు పుట్టింట్లో. అక్కడ అమ్మ పాలగడ్డ అంటుంది. కొన్ని నెలలకు బిడ్డతో అత్తారింటికి వెళ్లాక అత్త దాన్ని కొత్తగా చూసి మళ్లీ అదే మాటంటుంది. అది ఎన్నాళ్లనుంచి ఉందో లెక్క బాలింత ఒక్కదానికే తెలుసు, ఆమెను అడిగేవాళ్లు ఉండరు. రెండు వారాలు దాటినా పోని గడ్డకు అల్ట్రాసౌండ్ తీయించాలి, అవసరమైతే సూదితో ముక్క తీసి చూడాలి. పాలిస్తున్నా, కడుపుతో ఉన్నా ఆ రెండూ చేయించుకోవచ్చు.